పేరు వినగానే ఎగిసిన నాడి

నోటితో దాచిన సంగతిని ఒళ్లు బయటపెడుతుందా? దాదాపు 1850 ఏళ్ల కిందట రోమ్ నగరంలో ఒక వైద్యుడు రోగి మణికట్టు పట్టుకుని ఈ ప్రశ్నకు జవాబు వెతికాడు. ఆయన పేరు గాలెన్. ఆయన కథ తెలిస్తే లై డిటెక్టర్ గురించే కాదు, మీ ఇంట్లో వాళ్ల ముఖాలు చదివే మీ అలవాటు గురించి కూడా కొత్తగా ఆలోచిస్తారు.

పరీక్షలో మార్కులు తగ్గిన సంగతి మీ అబ్బాయి దాచాడనుకోండి. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారా అని మీరు అడుగుతారు. ఇంకా ఇవ్వలేదంటాడు. మాట తడబడదు. కానీ గుటక మింగుతాడు. పై పెదవి మీద చిరుచెమట పడుతుంది. చూపు మీ మీద నిలవదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత మీకు గుర్తొస్తుంది. దొరికిపోయాడని నిర్ణయించేస్తారు.

చాలాసార్లు మీ ఊహ నిజమే కావచ్చు. కానీ ఒక్కసారి ఆగండి. అదే ప్రశ్న మీరు కోపంగా అడిగి ఉంటే, ఏ తప్పూ చేయని పిల్లాడికి కూడా గొంతు ఎండిపోదా? చెమట పట్టదా? మరి ఒళ్లు చెప్పింది అబద్ధం సంగతా, భయం సంగతా?

ఈ రెండింటికీ తేడా ఉందని అందరికంటే ముందు గట్టిగా చెప్పినవారిలో గాలెన్ ఒకరు. ఆ రోజుల్లో ఆయన దగ్గర గడియారం లేదు, స్టెతస్కోప్ లేదు, బీపీ మిషన్ లేదు. ఉన్నవి మూడు వేళ్లు, బోలెడంత ఓపిక.

తండ్రికి వచ్చిన కల

గాలెన్ క్రీ.శ. 129లో పెర్గమోన్ నగరంలో పుట్టాడు. ఇప్పుడది టర్కీలోని బెర్గామా. అప్పట్లో రోమన్ సామ్రాజ్యంలో ఉన్న గ్రీకు నగరం. వైద్య దేవత అస్క్లెపియస్ ఆలయానికి పేరున్న ఊరు. రోగులు దూరాల నుంచి వచ్చి ఆ ఆలయంలో నిద్ర చేసేవాళ్లు. కలలో దేవుడు మందు చెబుతాడని నమ్మకం.

తండ్రి నికోన్ వాస్తుశిల్పి. లెక్కలు బాగా తెలిసినవాడు, కలిగినవాడు, శాంతస్వభావి. తల్లి మాత్రం మహా కోపిష్ఠి. కోపం వస్తే పనిమనుషుల్ని కొరికేసేదట. తండ్రితో నిత్యం గొడవలే. ఈ సంగతి గాలెనే తన పుస్తకంలో రాసుకున్నాడు. మనసులో రేగిన కోపం ఒంటిని ఎలా ఊపేస్తుందో ఆయనకు చిన్నప్పుడే ఇంట్లోనే తెలిసింది.

కొడుకును తత్వశాస్త్రం వైపు పంపాలని తండ్రి అనుకున్నాడు. గాలెన్‌కు పదహారు, పదిహేడేళ్ల వయసులో తండ్రికి ఒక కల వచ్చింది. ఆ కలను నమ్మి కొడుకును వైద్యంలో చేర్పించాడు. తర్వాత కొన్నేళ్లకే కన్నుమూశాడు. అప్పటికి గాలెన్‌కు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తండ్రి వదిలిన ఆస్తి ఉంది కాబట్టి సంపాదన తొందర లేకుండా చదువుకోగలిగాడు. స్మిర్నా, కోరింథ్, చివరికి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. మంచి గురువు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాడు.

క్రీ.శ. 157లో, 28 ఏళ్ల వయసులో సొంతూరికి తిరిగొచ్చాడు. అక్కడ గ్లాడియేటర్లకు వైద్యుడిగా నియమించారు. జనం వినోదం కోసం కత్తులతో పోరాడే యోధులు వాళ్లు. తెగిన కండరాలు, బయటపడిన ఎముకలు, ధారగా కారే రక్తం. మనిషి శరీరాన్ని కోసి చూసే ఆచారం అప్పట్లో లేదు. ఆ గాయాలే ఆయనకు మనిషి లోపలికి తెరుచుకున్న కిటికీలయ్యాయి. మిగతాదంతా కోతులు, పందుల లాంటి జంతువుల్ని కోసి నేర్చుకున్నాడు.

నాడి చూడటాన్ని మాత్రం బతికున్న మనుషుల మీదే నేర్చుకున్నాడు. అది నేర్చుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు మనం నిమిషానికి ఇన్ని అని లెక్కపెడతాం. వైద్యులు నాడిని లెక్కపెట్టడానికి వీలుగా ప్రత్యేక గడియారం వచ్చింది 1707లో, ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఫ్లోయర్ పుణ్యమా అని. గాలెన్ లెక్కపెట్టలేదు. నాడి పెద్దదా చిన్నదా, గట్టిగా కొడుతోందా మెల్లగానా, వేగమా నెమ్మదా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా లేదా, ఇలా చూసేవాడు. ఒక్క నాడి మీదే పెద్ద గ్రంథాలు నాలుగు, ఒక్కొక్కటి నాలుగు భాగాలుగా, మొత్తం పదహారు పుస్తకాలు రాశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఇంకో చిన్న పుస్తకం విడిగా.

నిద్రపట్టని ఇల్లాలు

క్రీ.శ. 162లో గాలెన్ రోమ్ చేరాడు. కొత్త ఊరు, కొత్త మనుషులు. యూడెమస్ అనే తత్వవేత్తకు పట్టుకున్న మొండి జ్వరం ఎలా నడుస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో ముందే చెప్పి పేరు తెచ్చుకున్నాడు. పేరుతోపాటు శత్రువులూ వచ్చారు. అతను వైద్యం చేయడం లేదు, సోది చెబుతున్నాడని తోటి వైద్యులు ప్రచారం మొదలుపెట్టారు. అప్పటి రోమ్‌లో అది చిన్న నింద కాదు. అందుకే తాను ఏది చెప్పినా ఎలా చెప్పగలిగాడో మెట్టు మెట్టుగా వివరించాల్సిన అవసరం ఆయనకు ఏర్పడింది.

ఆ రోజుల్లోనే జస్టస్ అనే ఆయన భార్యను చూడమని కబురొచ్చింది. ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదు. పడక మీద అటూ ఇటూ దొర్లుతుంది. గాలెన్ వెళ్లి చూస్తే జ్వరం లేదు. నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసుకుందామని ఒక్కో ప్రశ్న అడిగాడు. ఆమె ముక్తసరిగా జవాబిచ్చింది, తర్వాత అదీ లేదు. చివరికి అటు తిరిగి, ఒంటి నిండా వస్త్రం కప్పుకుని, తల దిండులో దాచుకుంది.

మీరైతే ఏమనుకునేవారు? పొగరనుకోవచ్చు. నటన అనుకోవచ్చు. గాలెన్ రెండు అవకాశాలు రాసుకున్నాడు. ఒకటి, శరీరంలోని దోషం వల్ల వచ్చిన దిగులు. ఇప్పటి మాటల్లో డిప్రెషన్ లాంటిది. రెండోది, చెప్పుకోలేని బాధ ఏదో మనసులో ఉంది. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా మందు ఇవ్వడం తప్పని ఆయన ఉద్దేశం.

మర్నాడు వెళితే అమ్మగారు ఇప్పుడు చూడలేరని పరిచారిక పంపేసింది. ఆ తర్వాత కూడా అంతే. ఆయన వదల్లేదు. మళ్లీ వెళ్లి, పరిచారికతో మాట్లాడి, ఆమెను బాధిస్తున్నది ఒంటి జబ్బు కాదు, మనసులోని వేదనే అని తేల్చుకున్నాడు.

ఆమెను పరీక్షిస్తుండగా అనుకోకుండా ఒక సంగతి జరిగింది. నాటకశాల నుంచి ఎవరో వచ్చి పైలాడిస్ నాట్యం చూసి వస్తున్నానని చెప్పారు. పైలాడిస్ అప్పట్లో రోమ్‌లో పేరున్న నర్తకుడు. ఆ పేరు వినగానే ఆమె చూపు మారింది, ముఖం రంగు మారింది. గాలెన్ వెంటనే ఆమె మణికట్టు మీద వేళ్లు పెట్టాడు. నాడి ఒక్కసారిగా చెదిరి, లయ తప్పి కొట్టుకుంటోంది.

దొరికిన జవాబును అనుమానించాడు

గాలెన్ గొప్పతనం ఇక్కడి నుంచి మొదలవుతుంది. సామాన్యుడైతే అక్కడితో ఆగేవాడు. పేరు వినపడింది, నాడి ఎగిసింది, గుట్టు దొరికింది. కానీ ఆయనకు అనుమానం వచ్చింది. ఆమెను కదిలించింది ఆ పేరేనా? ఎవరో హఠాత్తుగా గదిలోకి రావడమా? నాటకశాల అనే మాటా? నాట్యం అంటే ఇష్టం కాబట్టి ఏ నర్తకుడి పేరు విన్నా ఇలాగే అవుతుందా?

మర్నాడు తన శిష్యుడొకరికి ముందే చెప్పి పెట్టాడు. తాను రోగి దగ్గర ఉండగా లోపలికి వచ్చి, ఈ రోజు మోర్ఫస్ నాట్యం చేస్తున్నాడని చెప్పాలి. మోర్ఫస్ ఇంకో నర్తకుడు. శిష్యుడు అలాగే చేశాడు. ఆమె నాడి చెక్కుచెదరలేదు. తర్వాతి రోజు మూడో నర్తకుడి పేరు చెప్పించాడు. అప్పుడూ మార్పు లేదు. ఆ తర్వాత మళ్లీ పైలాడిస్ పేరు చెప్పించాడు. నాడి మళ్లీ ఎగిసిపడింది.

ఇప్పుడు తేల్చి చెప్పగలిగాడు. మనిషి అదే, గది అదే, చెప్పిన తీరు అదే. మారింది పేరు ఒక్కటే. ఆమె మనసు ఆ నర్తకుడి మీద ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోతోంది. నిద్ర పట్టనిది అందుకే.

ఇలాంటి కథ అంతకు ముందూ ఉంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు వైద్యుడు ఎరసిస్ట్రాటస్, సెల్యూకస్ రాజు కొడుకు ఆంటియోకస్‌కు సవతి తల్లి మీద ప్రేమ కలిగిందని ఇలాగే పట్టుకున్నాడని చెబుతారు. ఆ కథ విన్నవాళ్లు ప్రేమ నాడి అని ఒకటి ప్రత్యేకంగా ఉంటుందనుకున్నారు. గాలెన్ దాన్ని ఖండించాడు. ప్రేమకంటూ వేరే నాడి లేదన్నాడు. మనసు చెదిరితే నాడి చెదురుతుంది, అంతే. దేని వల్ల చెదిరిందో నాడి చెప్పదు. అది వైద్యుడు కనుక్కోవాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే తర్వాత పద్దెనిమిది వందల ఏళ్ల చరిత్ర మనకు తేలిగ్గా అర్థమవుతుంది.

దాచిన తిండి, దాచిన లెక్క, నటించిన జబ్బు

గాలెన్ అనుభవంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రోమ్‌లో ఆయన్ను ఆదరించిన పెద్దమనిషి ఫ్లేవియస్ బోయెథస్. ఆయన కొడుక్కి జ్వరం. ఎంత పథ్యం పెట్టినా తిరగబెడుతోంది. తల్లి పక్కనే కాపలా ఉంటోంది. గాలెన్ నాడి చూస్తే ఒంట్లో పెద్ద దోషం కనిపించలేదు. కానీ మనసు కంగారుగా ఉన్నవాడి నాడి తగిలింది. పిల్లాడు తిండి దాచుకుని తింటున్నాడని చెప్పాడు. వెతికితే ఆ గదిలోనే వస్త్రం మాటున దాచిన తిండి దొరికింది. ఇంట్లో నవ్వులు. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా జరిగే సంగతే కదా.

ఇంకొకటి అంత నవ్వులాట కాదు. ఒక ధనవంతుడి దగ్గర లెక్కలు చూసే బానిస మంచం పట్టాడు. త్వరలో యజమానికి లెక్క అప్పజెప్పాలి, అందులో చాలా సొమ్ము తక్కువుంది. ఆ దిగులుతో చిక్కిపోతున్నాడు. గాలెన్ విషయం గ్రహించి యజమానితో మాట్లాడాడు. ఇప్పట్లో లెక్క అడగనని భరోసా ఇప్పించాడు. మూడు రోజుల్లో మనిషి లేచి తిరిగాడు. మందేమీ ఇవ్వలేదు, భయం తీసేశాడు.

జబ్బు నటించేవాళ్ల గురించి కూడా గాలెన్ రాశాడు. ఒక బానిస మోకాలు బాగా వాచింది. యజమానితో ఊరు వెళ్లాల్సిన సమయం అది. గాలెన్ ఆరా తీస్తే అతనికి ఈ ఊళ్లో ఒక స్త్రీతో స్నేహం ఉందని, ప్రయాణం ఇష్టం లేదని తెలిసింది. మోకాలి మీద థాప్సియా అనే చెట్టు రసం పూసుకున్నాడని అనుమానించాడు. అది ఒంటికి తగిలితే మంట పుట్టి వాచేలా చేస్తుంది. నొప్పి తగ్గించే గుణం ఏమాత్రం లేని, కేవలం ఆ మంటను చల్లార్చే లేపనం రాయించి, నొప్పి పోతుందని చెప్పాడు. గంట తిరక్కుండానే బానిస నొప్పి పోయిందన్నాడు. నిజంగా లోపల వాపు ఉంటే అలా తగ్గే వీలే లేదు.

గమనించారా? ఇక్కడ ఆయన నాడిని గానీ ముఖాన్ని గానీ నమ్ముకోలేదు. పరిస్థితిని అడిగి తెలుసుకున్నాడు. జబ్బు నడవాల్సిన తీరుకూ, రోగి చెప్పే తీరుకూ పొంతన ఉందా అని చూశాడు.

చక్రవర్తి మణికట్టు

క్రీ.శ. 166లో గాలెన్ రోమ్ వదిలి సొంతూరు వెళ్లిపోయాడు. రెండు మూడేళ్లకే చక్రవర్తుల నుంచి పిలుపు వచ్చింది. సామ్రాజ్యమంతా మహమ్మారి ప్రబలిన కాలమది. మార్కస్ ఆరీలియస్ జర్మన్ తెగల మీద యుద్ధానికి వెళుతూ తనతో రమ్మన్నాడు. గాలెన్ ఒప్పించుకుని రోమ్‌లోనే ఉండిపోయాడు. రాకుమారుడు కొమ్మోడస్ ఆరోగ్యం చూసుకునే బాధ్యత తీసుకున్నాడు.

చక్రవర్తి తిరిగొచ్చాక ఒకనాడు కడుపులో బాధతో పడుకున్నాడు. ఆస్థాన వైద్యులు నాడి చూసి జ్వరం మొదలవుతోందన్నారు. గాలెన్‌ను చూడమన్నారు. ఆయనకు తొందరపడి చెప్పడం ఇష్టం లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చక్రవర్తి నాడి ఎలా ఉంటుందో తనకు తెలియదు కదా. చివరికి ఆ వయసుకు, ఆ తత్వానికి ఉండాల్సిన నాడితో పోల్చి చూసి, ఇది జ్వరం కాదు, తిన్నది అరగక కడుపు బరువెక్కిందని తేల్చాడు. అదే నిజమైంది. మామూలుగా ఎలా ఉండేదో తెలిస్తేనే ఇప్పటి మార్పుకు అర్థం ఉంటుందన్నది ఆయన పట్టుదల.

క్రీ.శ. 192లో రోమ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. గాలెన్ భద్రపరుచుకున్న పుస్తకాలు, మందులు ఎన్నో కాలిపోయాయి. ఏళ్ల శ్రమ బూడిదైంది. అయినా తాను కుంగిపోలేదని, ఎందుకు కుంగిపోలేదో వివరిస్తూ ఒక మిత్రుడికి లేఖ రాశాడు. వందల ఏళ్లుగా పోయిందనుకున్న ఆ లేఖ ప్రతి 2005లో గ్రీసులోని థెస్సలోనికి నగరంలో ఒక మఠంలో దొరికింది. ఎదుటివాళ్ల దిగులును వేళ్లతో పసిగట్టినవాడు తన దిగులును ఎలా మోశాడో ఇప్పుడు మనం చదవగలుగుతున్నాం. మూడో శతాబ్దం తొలినాళ్లలో ఆయన కన్నుమూశాడు.

ఆయన చెప్పినవన్నీ నిజం కావు. రక్తం కాలేయంలో పుడుతుందన్నాడు. గుండె గదుల మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాలు ఉన్నాయన్నాడు. జంతువుల్లో చూసిందే మనుషుల్లోనూ ఉంటుందనుకున్నాడు. 1543లో వెసేలియస్, 1628లో రక్తప్రసరణను వివరించిన విలియం హార్వే ఆ తప్పులు దిద్దారు. కానీ నాడి, మనసు గురించి ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెల్లుతోంది.

ఒళ్లు ఎందుకు దాచలేదు?

ఇప్పుడు లోపల జరిగేదేమిటో చూద్దాం. భయం గానీ, సిగ్గు గానీ, ఆశ గానీ కలిగినప్పుడు మెదడు నుంచి హెచ్చరిక వెళుతుంది. సింపథెటిక్ నాడీవ్యవస్థ మేల్కొంటుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కనుపాపలు విప్పారతాయి. లాలాజలం చిక్కబడి నోరు ఎండుతుంది. అరచేతుల్లో చెమట పడుతుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటే ముఖం పాలిపోతుంది, విప్పారితే ఎర్రబడుతుంది. ఇవేవీ మీరు అనుకుంటే ఆగవు. నాలుక మీద మీకు అదుపు ఉంది, చెమట గ్రంథుల మీద లేదు.

కానీ ఆ వ్యవస్థకు అబద్ధం అంటే ఏమిటో తెలియదు. ప్రమాదం, ప్రాధాన్యం మాత్రమే తెలుసు. దొంగకు దొరికిపోతానని భయం. నిర్దోషికి నన్ను నమ్మరేమోనని భయం. రెండు భయాలకూ కొట్టుకునే గుండె ఒక్కలాగే కొట్టుకుంటుంది.

మన దేశంలో స్మృతులు చెప్పిన దివ్య పరీక్షల్లో తండుల దివ్యం ఒకటి. దొంగతనం అనుమానం ఉన్నవాడు బియ్యం నమిలి ఉమ్మాలి. అందులో నెత్తురు కనపడితే దోషి. భయంతో నోరెండినవాడికి పొడి బియ్యం గీరుకుంటాయని దీనికి కొందరు శాస్త్ర కారణం చెబుతారు. కావచ్చు. కానీ పదిమంది ముందు నిలబెడితే తప్పు చేయనివాడి నోరు మాత్రం తడిగా ఉంటుందా?

యంత్రం వచ్చింది, చిక్కు మిగిలింది

పదకొండో శతాబ్దం నాటికి పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా, గాలెన్ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. నాడి పట్టుకుని పేర్లు, వీధులు ఒక్కొక్కటే చెబుతూ ఏ మాటకు నాడి మారుతుందో చూడమన్నాడు. 1890లలో ఇటలీలో లాంబ్రోసో నేరం మోపిన మనుషుల నాడిని యంత్రంతో కొలిచాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో విలియం మార్స్టన్ రక్తపోటును అబద్ధానికి గుర్తుగా తీసుకున్నాడు. 1921లో బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ నాడి, రక్తపోటు, శ్వాస ఒకేసారి నమోదు చేసే యంత్రం తయారుచేశాడు. అదే పాలిగ్రాఫ్. మనం లై డిటెక్టర్ అంటాం. పేరులోనే పొరపాటు ఉంది. అది పట్టేది అబద్ధాన్ని కాదు, ఒంట్లోని అలజడిని.

1923లోనే అమెరికా కోర్టు ఒకటి మార్స్టన్ పరీక్షను సాక్ష్యంగా ఒప్పుకోలేదు. 2003లో ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి పాలిగ్రాఫ్ అధ్యయనాల్ని పరిశీలించింది. ఊరికే ఊహించడం కంటే మెరుగేగానీ, పూర్తిగా నమ్మదగిన స్థాయికి చాలా దూరమని తేల్చింది. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదు. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదు.

నిపుణులు కొంత మెరుగనుకునే పద్ధతి ఒకటుంది. 1959లో మానసిక శాస్త్రవేత్త డేవిడ్ లిక్కెన్ ప్రతిపాదించాడు. పోయిన వస్తువు ఉంగరం అనుకోండి. గొలుసు, గడియారం, ఉంగరం, గాజు అని వరుసగా చెబుతారు. ఏ వస్తువు పోయిందో తెలియనివాడికి అన్నీ ఒకటే. తెలిసినవాడి ఒళ్లు ఉంగరం దగ్గర పదేపదే కదులుతుంది. మోర్ఫస్ పేరు, మూడో పేరు, మళ్లీ పైలాడిస్ పేరు. గాలెన్ చేసింది ఇదే కదా.

యంత్రాల సంగతి సరే, మన కళ్లెంత నమ్మదగినవి? వందలకొద్దీ ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో, ఎదుటివాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో మనుషులు సరిగ్గా చెప్పగలిగింది 54 శాతం సందర్భాల్లోనే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. ముఖం చూస్తే ఇట్టే కనిపెట్టేస్తానని మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే ఈ అంకె గుర్తుచేయండి.

ఆ ఇల్లాలు ఏమైంది?

జస్టస్ భార్య కథ రోగం తేల్చడంతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత ఆమె ఏమైందో గాలెన్ రాయలేదు. ఆయనకు అదొక విజయం, తనను సోదిగాడన్నవాళ్లకు జవాబు. ఆమెకు? భర్తకు తెలిస్తే ఏమవుతుందోనని దిండులో తల దాచుకున్న మనిషి గుట్టును మణికట్టు బయటపెట్టేసింది. పాఠకులుగా మనం ఆయన తెలివిని మెచ్చుకుంటూనే ఆ గదిలో ఆమె పక్కన కూడా ఒక్క క్షణం కూర్చోవాలి.

ఎందుకంటే మన ఇళ్లలోనూ ఇలాంటి వాళ్లు ఉంటారు. ఒంట్లో ఏమీ లేదని రిపోర్టులు చెబుతాయి. నిద్ర పట్టదు, తిండి సహించదు, గుండె దడ. అప్పు సంగతి చెప్పలేని భర్త. ఫెయిలైన సంగతి చెప్పలేని కూతురు. అత్తింటి మాటలు పుట్టింట చెప్పుకోలేని కోడలు. వాళ్ల ఒళ్లు ఏదో చెబుతూనే ఉంటుంది. అది నేరం ఒప్పుకోవడం అనుకుంటే మీరు పోలీసవుతారు. సాయం అడగడం అనుకుంటే మీరు వైద్యుడవుతారు. లెక్కలు చూసే బానిసను లేపి నడిపించింది రెండో దారే.

ఇంట్లో గుర్తుంచుకోండి

- ఎవరైనా కంగారుపడితే అబద్ధం చెబుతున్నారని తేల్చేయకండి. మీరు అడిగిన తీరుకే కంగారుపడి ఉండవచ్చు. గొంతు తగ్గించి, కాసేపాగి, ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ అడగండి.

- మనిషి మామూలుగా ఎలా ఉంటారో దానితో పోల్చండి. కొందరికి సహజంగానే చూపు నిలవదు, చేతులకు చెమట పడుతుంది.

- డాక్టర్ గదిలో బీపీ పెరగడం కొత్త కాదు. వైద్యుణ్ని చూడగానే రోగి నాడి మారుతుందని, కాసేపు కూర్చుని నవ్వుతూ మాట్లాడాకే చేయి పట్టుకోవాలని ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. బీపీ చూపించుకునే ముందు అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. చూసేటప్పుడు మాట్లాడకండి. అనుమానముంటే ఇంట్లోనూ కొన్ని రోజులు చూసి రాసిపెట్టుకోండి.

- గుండె దడకు ప్రతిసారీ మనసే కారణం కాదు. థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తహీనత, జ్వరం, ఎక్కువ కాఫీ కూడా కారణాలే. విశ్రాంతిగా ఉన్నా నాడి తరచూ 100 దాటుతున్నా, లయ తప్పుతున్నా డాక్టర్‌కు చూపించండి. బీటా బ్లాకర్ల లాంటి మందులు వాడేవాళ్లలో నాడి వేగం తగ్గే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

- డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతి ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే, ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అది మీ హక్కు.

- నిద్రలేమి, దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని ఎవరైనా చెబితే రెండు వారాలు ఆగాల్సిన పని లేదు. వెంటనే సాయం అందేలా చూడండి.